భోగిమంటలో పడవ



ఈ నెల మీకు చుక్కలను గురించి గాని, చీమలను గురించి గాని చెప్పబోవడం లేదు. నా పడవను గురించి చెబుతాను. ఆ పడవ ఇప్పుడు లేదు. అది ఎలా పోయిందో, దాని బదులు ఎటువంటిది తెచ్చుకోవాలో మీతో కూడా ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది గోదావరి కాలవల సీమ. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడని మీరు పాఠంలో చదివే వుంటారు. ఆ కాలవలు తవ్వింది ఒక్క పొలాల కోసమే కాదు, ప్రయాణాలకు కూడా. గాలి వుంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే గట్టున నడుస్తూ మనుషులే తాడుతో లాగేవారు. మా అమ్మ కొత్త పెళ్లికూతురుగా ఈ ఊరికి పడవ మీదనే వచ్చింది. తరువాత రోడ్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, పడవలు పోయాయి. కాలవ పక్కనే పుట్టి పెరిగిన పిల్లలకు తెడ్డు ఎలా పట్టుకోవాలో తెలియకుండా పోయింది.

అంచేత నేను ఉద్యోగం నుంచి విరమించిన ఏడాది ఒక చిన్న పడవ చేయించాను. టేకు పలకల పడవ. పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. సరుకులు మోయడానికీ కాదు, చేపలు పట్టడానికీ కాదు. ఉత్త షికారు పడవ. ప్రతి ఆదివారం సాయంకాలం మా ఊరి చెరువులో పిల్లలను ఎక్కించుకొని ఒక చుట్టు తిప్పేవాణ్ణి. పడవ ముందు కొసను అణియం అంటారనీ, వెనక కొసను అమరం అంటారనీ, లోతు తక్కువగా వున్నచోట తెడ్డు కంటే గెడే మేలనీ వాళ్ళు అలా తిరుగుతూనే నేర్చుకున్నారు.

ఒక్కసారికి ఆరుగురు పిల్లలే ఎక్కాలని మా నియమం. "ఇంకా చోటుంది కదండీ, ఎక్కనివ్వండి!" అని గట్టున నిలబడ్డవాళ్ళు గోల చేసేవారు. అప్పుడు వాళ్ళచేత లెక్క చేయించేవాణ్ణి. మీరు కూడా చేయండి. పడవ పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు. అది నీళ్ళలో 0.2 మీటరు దిగిందనుకుందాం. మూడింటినీ గుణిస్తే 0.864 ఘనపు మీటర్లు. కాని పడవ పెట్టెలాగా వుండదు, రెండు కొసలా సన్నబడుతుంది. అందుచేత అందులో మూడింట రెండు వంతులే లెక్కలోకి తీసుకుందాం. 0.576 ఘనపు మీటర్లు అయింది. అన్ని నీళ్ళ బరువు 576 కిలోలు. పడవ ఎన్ని నీళ్ళను పక్కకు తోస్తుందో అంత బరువునే నీరు మోస్తుందని ఆర్కిమిడీసు రెండువేల రెండువందల ఏళ్ళకు పూర్వమే చెప్పాడు. ఇందులో పడవ బరువే 200 కిలోలు. మిగిలింది 376. నేను, గెడ వేసే మనిషి కలిసి 120. ఇక పిల్లలకు మిగిలింది 256 కిలోలు. పిల్లవాడు 30 కిలోలైతే ఎనిమిది మంది పడతారు. పట్టినంతమందినీ ఎక్కిస్తే, ఒకడు లేచి నిలబడితే చాలు, కొంప మునుగుతుంది. అందుకే ఆరుగురు. ఆ ఆరుగురికీ నీళ్ళలో తేల్చే చొక్కాలు తప్పనిసరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ఘోరాన్ని తలుచుకుంటే, నీటి మీద నియమం తప్పకూడదని ఎవరూ చెప్పనక్కరలేదు.

కొయ్య పడవకు ఏటా ఒకసారి సేవ చేయాలి. గట్టెక్కించి, బోర్లించి, బాగా ఆరనివ్వాలి. పలకల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం నూనెలో కాచి మెత్తాలి. ఆ పని కోసమని మొన్న ధనుర్మాసంలో పడవను గట్టు మీద రావిచెట్టు కింద బోర్లించి వుంచాను. సగం పని అయింది. మిగతాది పండగ వెళ్ళాక చూద్దామనుకున్నాను.

భోగి నాడు తెల్లవారుజామున మా వీధి చివర మంట వేశారు. పెద్ద మంట. చలిగా వుంటే నేను కూడా వెళ్ళి చేతులు కాచుకున్నాను. పొగలో ఏదో సాంబ్రాణివంటి వాసన వచ్చింది. "ఎవరో ధూపం కూడా వేసినట్టున్నారే!" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. మరికాస్త చలి కాచుకొని ఇంటికి వచ్చాను. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది. అది సాంబ్రాణి కాదు. గుగ్గిలం!

చెరువు గట్టుకు వెళ్ళి చూస్తే రావిచెట్టు కింద ఏమీ లేదు. గడ్డి మీద పడవ ఆకారంలో పచ్చదనం లేని మచ్చ మాత్రం వుంది.

అంటే, నేను నా పడవ కాలుతుంటే దాని దగ్గర నిలబడి చలి కాచుకున్నాను.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ సాయంకాలం ఒక కుర్రవాడు మాత్రం మా ఇంటికి వచ్చాడు. పదమూడేళ్ళవాడు. పడవలో ఎప్పుడూ అణియం దగ్గర కూర్చునేది వాడే. గుప్పిట్లో నల్లగా మాడిన నాలుగు మేకులు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"మేం అయిదుగురం అండి," అన్నాడు.

వాడు చెప్పినది మీరు జాగ్రత్తగా వినాలి. మొదట వాళ్ళు పడవను తగలబెట్టాలనుకోలేదట. తెడ్డు ఒక్కటే తీసుకున్నారట. ఆ తరువాత ఒకడు, కూర్చునే బల్ల కూడా తెద్దామన్నాడట. బల్ల ఊడబెరుకుతుంటే పక్క పలక ఫెళ్ళున విరిగింది. "విరిగిన పడవ మాస్టారికి మాత్రం ఎందుకు?" అని ఇంకొకడన్నాడు. ఇక గొడ్డలి తెచ్చారు. చూశారా! ఇంత పడవను ఎవరూ ఒక్కసారిగా కాల్చలేదు. ఒక్కొక్క చిన్న పని, తరువాతి పనికి దారి చూపించింది.

"ఎందుకు చేశారురా?" అని అడిగాను.

వాడు తల వంచుకొని, "మీరే చెప్పారు కదండీ మాస్టారూ, చిన్నప్పుడు మామ్మగారి తడిక ఎత్తుకొచ్చి భోగిమంటలో వేశామని. అందరం నవ్వాం కదండీ," అన్నాడు.

నాకు నోట మాట రాలేదు.

అది నిజమే. నాకు పదకొండేళ్ళప్పుడు మా వీధిలో ఒక మామ్మగారు వుండేవారు. పెరట్లో పొయ్యి పెట్టుకొని అట్లు పోసి అమ్మేవారు. ఆవిడ పెరటి తడికను మేం నలుగురం రాత్రికి రాత్రి ఎత్తుకుపోయాం. ప్రతి సంక్రాంతికీ ఆ కథ తరగతిలో చెప్పేవాణ్ణి. పిల్లలు విరగబడి నవ్వేవారు. కాని ఆ కథలో ఒక ముక్క నేను ఎన్నడూ చెప్పలేదు. తడిక లేని పెరట్లోకి ఆ రోజే గొడ్లు పడి, ఆవిడ చిక్కుడు పాదు సాంతం మేసిపోయాయి. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. పాదు మొదట్లో కూర్చుని, మిగిలిన కాయలు కొంగులోకి ఏరుకున్నారు. అది నేను గోడ మీంచి చూశాను. చూసి కూడా తడిక కట్టి ఇవ్వలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ చోట ఇప్పుడు మేడ, ఇనుప గేటు వున్నాయి. అప్పు తీర్చడం మరీ ఆలస్యమైతే పుచ్చుకొనేవారు వుండరు, పిల్లలూ!

భోగిమంట మంచి పండగే. విరిగిన కుర్చీ, పుచ్చిన దూలం, పనికిరాని పాతసామాను అందులో వేస్తాం. కాని ఆ వస్తువు పాతదో కాదో చెప్పవలసింది దాని యజమాని. ఎత్తుకుపోయేవాడు కాదు. ఈ మాట ఇన్నేళ్ళు నేను తరగతిలో చెప్పి వుండవలసింది. ఆ కుర్రవాడికి చిక్కుడు పాదు సంగతి చెప్పాను. వాడు నవ్వలేదు.

ఇక కొత్త పడవ మాటకు వద్దాం. అయిదుగురి తండ్రులూ వచ్చి, డబ్బు పోగు చేసి ఫైబరు పడవ కొనిస్తామన్నారు. ఫైబరు పడవ అంటే గాజు పోగులను జిగురులో ముంచి, అచ్చులో పొరలు పొరలుగా అతికి చేసినది. తేలికగా వుంటుంది, నీరు కారదు, ఏటా గుగ్గిలం మెత్తే పని లేదు. సముద్రం మీద వేటకు వెళ్ళేవారు చాలామంది ఇప్పుడు అవే వాడుతున్నారు. దానికి వంక పెట్టడానికి లేదు. మళ్ళీ టేకు పడవ చేయిద్దామంటే చాలా ఖరీదు. అసలు పడవే వద్దని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం. "ఈ వయసులో మీకు నీళ్ళ మీద షికార్లెందుకండీ?" అన్నది మా ఆవిడ. అదీ నిజమే.

నాకు మాత్రం మూడవ ఆలోచన ఒకటి వుంది. మన కొల్లేటి వైపు తాటిదోనెలు చూశారా? తాటిమాను పైన చేవ, లోపల మెత్తన. అంచేత బాడిసతో, ఉలితో లోపలి మెత్తని భాగాన్ని తొలిచివేస్తే దోనె అవుతుంది. అయితే అడుగు గుండ్రంగా వుండడంవల్ల ఒంటి దోనె పక్కలకు దొర్లుతుంది. అలవాటు లేనివాడు ఎక్కితే నీళ్ళలో పడవలసిందే. దానికి మన పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారు. రెండు దోనెలను పక్కపక్కన వుంచి, అడ్డకర్రలు వేసి బిగించి కట్టారు. దాని పేరు సంగడి. ఇప్పుడు మీరు కుడివైపుకు ఒరిగారనుకోండి. కుడి దోనె నీళ్ళలోకి ఎక్కువ దిగుతుంది. దిగినకొద్దీ నీరు దాన్ని మరింతగా పైకి తోస్తుంది. ఎడమ దోనె పైకి లేవబోతుంది, కాని దాని బరువు దాన్ని కిందికి లాగుతుంది. రెండూ కలిసి మిమ్మల్ని మళ్ళీ నిటారుగా నిలబెడతాయి.

ఇది నిన్న మొన్నటి ఉపాయం కాదు. సుమారు రెండువేల ఏళ్ళకు పూర్వం మన తూర్పు తీరపు వర్తకాన్ని గురించి రాసిన ఒక గ్రీకు గ్రంథంలో, మానులను జతచేసి కట్టిన పెద్ద నావలను 'సంగర' అంటారని వుంది. ఆ మాటకూ మన సంగడికీ చుట్టరికం వుందని కొందరు పండితుల అభిప్రాయం.

మీరు దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. రెండు జానెడు అరటి బోదె ముక్కలు తీసుకోండి. పట్నంలో వుండేవారు మూత బిగించిన ఖాళీ నీళ్ళ సీసాలు రెండు తీసుకోవచ్చు. ఒకదాన్ని తొట్టిలో వేసి, దాని మీద చిన్న గులకరాయి పెట్టండి. అది దొర్లి రాయిని నీళ్ళలో పడేస్తుంది. ఇప్పుడు రెండింటినీ బెత్తెడు ఎడంగా వుంచి, రెండు పుల్లలు అడ్డంగా వేసి దారంతో కట్టండి. పుల్లల నడుమ ఒక అట్టముక్క పరిచి దాని మీద రాయి పెట్టండి. ఏమవుతుందో చూడండి. రాయిని మధ్య నుంచి ఒక పక్కకు జరుపుతూ, ఎంతవరకు తట్టుకుంటుందో కొలవండి. పెద్దవాళ్ళు దగ్గర వున్నప్పుడే చేయండి.

ఆ కుర్రవాడి తాతగారి పొలంగట్టున రెండు తాడిచెట్లు మోడైపోయి వున్నాయట. వాటిని ఇస్తానని ఆయన కబురు చేశారు. అయిదుగురు కుర్రవాళ్ళూ వడ్రంగి దగ్గర పని చేయడానికి ఒప్పుకున్నారు. డబ్బు తండ్రులు ఇవ్వగలరు గాని, చేతులు కాయలు కాచేటట్టు తొలవడం వాళ్ళకు బదులు ఇంకెవరూ చేయలేరు కదా! అయితే మా ఆవిడ ఒక అభ్యంతరం చెప్పింది. తాటిదోనె టేకు పడవ వున్నన్నాళ్ళు వుండదట. నిజమే. వుండకపోతే పోనీ. అది పుచ్చిపోయిన ఏడు, దాన్ని చేసినవాళ్ళే మోసుకొచ్చి భోగిమంటలో వేస్తారు. అప్పుడు నేను కూడా నిశ్చింతగా చలి కాచుకుంటాను.

ఇంకా ఏదీ తేల్చలేదు. ఫైబరు పడవా, సంగడా? మీరేమంటారు? కారణాలతో సహా ఉత్తరం రాయండి. ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. మన భాషలో స్నేహితుణ్ణి సంగడికాడు అంటారు. పక్కవాడు ఒరిగిపోతుంటే నిలబెట్టేవాడే సంగడికాడు. ఆ రాత్రి అయిదుగురిలో ఒక్కడు "తెడ్డు కూడా వద్దురా" అని వుంటే, నా పడవ ఈపాటికి నీళ్ళలో వుండేది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు