వాయిదాయు కొట్టివేతయు

క్రీ. శ. 869వ సంవత్సరమున జపానుదేశమున అంటువ్యాధులు ప్రబలి జనులు గుంపులుగ మరణింపగా, ఆ దేశమందలి 66 విభాగములకు గుర్తుగ 66 శూలములను క్యోటో నగరమున నిలిపి దేవతలను శాంతింపజేసిరని ప్రతీతి. జులై మాసమంతయు జరుగు గియోన్ ఉత్సవమునకు మూల మిదియే. ఇనుపమేకులు లేకుండ త్రాళ్లతో బిగించి కట్టిన మహోన్నత రథములు 17వ తేదీన రాజవీథిని కదలుట ఈ పండుగకు ప్రాణము. 2020లో కోవిడ్ మహమ్మారి వ్యాపింపగా ఆ రథములు కదలలేదు. రోగమును వెడలగొట్ట పుట్టిన పండుగను రోగమే వెడలగొట్టినదని పరిహసించినవారు లేకపోలేదు. మాకు మాత్ర మది పరిహాసాస్పదముగ తోపలేదు. రథములకు మారుగ వాని ప్రతినిధులు కాలినడకను వీథిని సాగి ప్రార్థనము జరిపిరి. పదునైదవ శతాబ్దమున అంతర్యుద్ధముచే 30 ఏండ్లకు పైగా నిలిచిపోయియు మరల లేచిన పండుగకు రెండేండ్ల విరామ మొక లెక్కయా? 2022లో రథములు మరల కదలినవి.

2020 ఆగస్టు 16వ రాత్రి పితృదేవతలను సాగనంపుటకై క్యోటో కొండపై వెలిగించు మహాక్షరమునకు 75 మంటలకు బదులు ఆరే మంటలు వెలిగినవి. మన సికింద్రాబాదు మహాకాళి బోనములును 1813 నాటి కలరా భయమునుండి పుట్టినవనియే పెద్దలు చెప్పుదురు. 2020లో స్త్రీలు వానిని ఇండ్లయందే సమర్పించుకొనిరి. తల్లి కోపించినదని ఎవరును చెప్పగా వినలేదు. పండుగ కుంచించుకొన నేర్చును. ఒక దీపమునందైనను నిలువగలదు.

మనుష్యుని యాయువునకు ఆ నేర్పు లేదు. మా ఫిర్యాదంతయు ఇచటనే కలదు.

2020 మార్చిలో ఒసాకా నగరపు సుమో మల్లయుద్ధములు ప్రేక్షకులు లేని శాలలో జరిగినవి. మల్లు డొకని కొకడు గరిటెతో నందించు బలజలమును పెదవి సోకనీయక అభినయము మాత్రము చేసిరి. మే మాసపు పోటీలు మానివేయబడినవి. ఆ నెలయందే 28 ఏండ్ల మల్లు డొక డా రోగముచే మరణించెను. మూసివేతలన్నియు వట్టి పిరికితనమని యనువారు ఈ మరణమును మరువరాదు. మేమును మూసివేతను తప్పుపట్టుట లేదు.

వృత్తిచేత న్యాయవాదుల మగుటచే మేము మొదట చట్టమును చూతుము. 2020 ఏప్రిల్ 7న జపానులో ప్రకటింపబడిన అత్యవసరస్థితియందు ఇల్లు వెడలిన పౌరునికి శిక్ష లేదు. ప్రభుత్వము కోరవచ్చును; ప్రజ మన్నింపవచ్చును; అంతియే. వ్యాపారులకు జరిమానా విధించు సవరణము 2021 ఫిబ్రవరిలో గాని రాలేదు. లాఠీ లేకయే జనులు వీథులను విడిచిరి, చెరివూపూల క్రింది విందులను మానిరి. శిక్షాభయము లేక కోరికకు లోబడిన ప్రజకు ప్రభుత్వము ఋణపడును. అందరి త్యాగమును ఒకే త్రాసున తూచుటయే ఆ ఋణము. ఆ త్రాసు నిలిచినదా?

2020 మార్చి 24న టోక్యో ఒలింపిక్ క్రీడలకు ఒక సంవత్సరము వాయిదా లభించెను. మే 20న కోషియెన్ మైదానమున జరుగవలసిన ఉన్నతపాఠశాలల బేస్‌బాల్ పోటీ రద్దుచేయబడెను. 1915లో ఆరంభమైన ఈ పోటీ 1918లో బియ్యపు కల్లోలములచే నొకసారి, 1941లో యుద్ధముచే నొకసారి రద్దయినది, ఇది మూడవసారి. అంతకుమున్నే వసంతపు పోటీయు పోయినది. వాయిదాకును కొట్టివేతకును గల భేదము కచేరి మెట్లెక్కిన ప్రతి కక్షిదారునకును తెలియును. వాయిదా పొందినవాడు ఆశతో నింటికిబోవును. కొట్టివేయబడినవాడు కాగితములు మడచుకొని పోవును. కడపటి తరగతి బాలున కా వేసవి యొక్కటియే యుండెను. మరుసటి మార్చికి వాడు పాఠశాల విడువవలెను.

ఆ మే మాసమున నింతకన్న గతి లేదందురు. కావచ్చును. మందు లేదు, టీకా లేదు. దేశము నలుమూలలనుండి బాలురను బసలలో చేర్చుట ప్రమాదమే. అయినను 2021 సంగతి యేమి? జులై 17న గియోన్ ఊరేగింపు రెండవయేడును జరుగలేదు. ఆరు దినములకు టోక్యోలో ఒలింపిక్ క్రీడ లారంభమైనవి. నాడు టోక్యో నగరము అత్యవసరస్థితియం దున్నది. ప్రేక్షకులు లేకున్నను క్రీడలు సాగినవి, ప్రసారములు సాగినవి. ఎన్ని దేశముల మల్లులకో, ఎన్ని కోట్ల ఒప్పందములకో ఉపాయము దొరకినది! ఉపాయము దొరకుట తప్పుగాదు. ధనికుని వ్యాజ్యమునకే దొరకుట తప్పు.

పెద్దలు బాలుర నొక్కమారుగ మరువలేదు. ఆయా మండలములయందు చిన్నపోటీలు జరిపిరి. వసంతమునకు ఎన్నికైన 32 పాఠశాలలను 2020 ఆగస్టున కోషియెనుకు పిలిచి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క ఆట యిచ్చిరి. గెలిచినను ఓడినను అంతటితో సరి. పెద్ద గుంపులు లేని ఆ మైదానమున వా రాడిరి.

కోషియెన్‌లో ఓడిన బాలుడు అచటి మన్నును సంచిలో నెత్తుకొని కన్నీటితో నింటికిబోవుట చిరకాలపు ఆచారము. ఆ యేడు ఓడుటకైన నోచని కడపటి తరగతి ఆటగాండ్రకు, దేశమందంతట సుమారు 50,000 మందికి, మైదానమువారు ఆ మన్నును చిన్న గుళికలలో నింపి తాళపుచెవుల గొలుసులుగ పంపిరి.