మొదటిసారి దొరికినప్పుడే ఎందుకు చంపలేదు?

‘ఐ సా ద డెవిల్’ 2010లో వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ సినిమా గురించిన వాదనలు ఆగలేదు. ఓటీటీలు వచ్చాక తెలుగువాళ్లలో కొరియన్ సినిమాలు చూసేవాళ్లు బాగా పెరిగారు. ‘స్క్విడ్ గేమ్’లో ముసుగు వెనక కనిపించిన లీ బ్యుంగ్ హన్ పాత సినిమాలేమిటని వెతుక్కుంటూ వెళ్లి దీని దగ్గర ఆగుతున్నవాళ్లూ ఉన్నారు. చూసినవాళ్ల అభిప్రాయాలు మాత్రం ఎప్పుడూ ఒకచోట కుదరవు. పగ కథల్లో దీన్ని మించింది లేదని కొందరంటారు. ఇంత రక్తం చూపించడం దేనికని కొందరు సగంలోనే కట్టేస్తారు. అయితే మెచ్చినవాళ్లూ, మెచ్చనివాళ్లూ కూడా అడిగే ప్రశ్న ఒకటుంది: హంతకుడు మొదటిసారి చేతికి దొరికినప్పుడే హీరో ఎందుకు చంపలేదు? పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం ఏమిటి? దీన్ని చాలామంది కథలోని పెద్ద లోపంగా లెక్కేస్తారు. ఆ ప్రశ్న మనచేత అడిగించడం కోసమే దర్శకుడు కిమ్ జీ వూన్ రెండు గంటల ఇరవై నిమిషాల పాటు మనల్ని కూర్చోబెట్టాడని నేనంటాను. మనం ఆ ప్రశ్నను ఏ సీను దగ్గర అడిగాం, అంతకుముందు ఎన్ని సీన్లు అడగకుండా ఆనందించాం అన్నదే ఈ సినిమాలో అసలు సంగతి.

ముగింపుతో సహా కథ చెప్పకుండా ఈ వాదన సాగదు కనుక, చూడాలనుకునేవాళ్లు ముందు చూసి రావడం మంచిది. సూహ్యున్ కొరియా గూఢచారి సంస్థలో ఏజెంటు. అతనికి పెళ్లి కుదిరిన అమ్మాయి జూయాన్. మంచు కురుస్తున్న రాత్రి ఆమె కారు రోడ్డు మీద ఆగిపోతే, ట్యూషన్ సెంటరు బస్సు నడిపే క్యుంగ్‌చుల్ సాయం చేస్తానంటూ వచ్చి, ఆమెను ఎత్తుకుపోయి చంపి ముక్కలు చేస్తాడు. అప్పటికి ఆమె గర్భవతి. రిటైరైన పోలీసు అధికారి అయిన ఆమె తండ్రి నలుగురు అనుమానితుల వివరాలు సంపాదించి కాబోయే అల్లుడి చేతిలో పెడతాడు. సూహ్యున్ రెండు వారాలు సెలవు పెట్టి వేటకు దిగుతాడు. మూడోవాడు క్యుంగ్‌చుల్. బడిపిల్ల మీద అఘాయిత్యానికి సిద్ధమవుతున్నవాణ్ణి సూహ్యున్ పట్టుకుని చితకబాది, చెయ్యి విరగ్గొట్టి, స్పృహ తప్పాక ఒక జీపీఎస్ క్యాప్సూల్ మింగించి వదిలేస్తాడు. ఇక వాడు ఎక్కడికి వెళ్తే అక్కడి జాడ తెలుస్తుంది, మాట్లాడే మాటలు వినిపిస్తాయి. వాడు కాస్త కోలుకోగానే వెళ్లి మళ్లీ హింసించాలి, మళ్లీ వదలాలి. సూహ్యున్ పథకం ఇదే.

వదిలిన ప్రతిసారీ ఏమైందో వరసగా చూడండి. మొదటిసారి వదిలాక క్యుంగ్‌చుల్ ఒక టాక్సీ ఎక్కుతాడు. అందులోని డ్రైవరూ, వెనక కూర్చున్న ప్రయాణికుడూ కూడా హంతకులే. వాడు ఇద్దరినీ నడుస్తున్న కారులోనే పొడిచేస్తాడు. పోయినవాళ్లు దుర్మార్గులు కనుక మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. పైగా ఆ ముగ్గురి చుట్టూ కెమెరా తిరిగిన తీరుకు అబ్బురపడతాం. ఆ తర్వాత ఒక చిన్న క్లినిక్‌లో నర్సు మీద పడతాడు. సూహ్యున్ సమయానికి వచ్చి వాడి మడమ దగ్గర నరం కోస్తాడు. అమ్మాయి బతికింది కదా అని మనం ఊపిరి పీల్చుకుని, కోసినందుకు సంతోషిస్తాం. కానీ ఆమె ఆ గదిలో పడ్డ నరకంలో, వాణ్ణి జనం మధ్యకు తెలిసి తెలిసి వదిలినవాడికీ వాటా ఉంది. ఆ మాట మనకు ఆ క్షణంలో తోచదు. మరికాస్త ముందుకు వెళ్లాక, తన కడుపులో ఏదో ఉందని వాడికి తెలిసిపోతుంది. మందుల షాపు మీద పడి, విరేచనాల మందు మింగి, క్యాప్సూల్ బయటికి తీసేస్తాడు. దారిన పోయే ఒక లారీ డ్రైవరును కొట్టి, దాన్ని అతనికి అంటగడతాడు. అప్పటిదాకా దైవంలా అన్నీ చూస్తూ, వింటూ వచ్చిన సూహ్యున్‌కు ఆ క్షణం నుంచి ఏమీ కనిపించదు. క్యుంగ్‌చుల్ నేరుగా జూయాన్ పుట్టింటికి పోయి, తండ్రిని చావగొట్టి, చెల్లెలు సేయాన్‌ను చంపుతాడు. అక్క ఎలాగూ తిరిగి రాదు, ఇక ఆపమని సూహ్యున్‌ను బతిమాలిన మనిషి ఈ సేయానే.

ఈ వరస యాదృచ్ఛికంగా కుదిరింది కాదు. మొదట చెడ్డవాళ్లు, తర్వాత మనకు పరిచయం లేని అమాయకులు, ఆఖరుకు మనకు పేరు తెలిసిన, మాట విన్న అమాయకురాలు. మెట్టు మెట్టుకూ మూల్యం పెరిగింది. స్క్రిప్టు రాసిన పార్క్ హూన్ జంగ్ మన సహనాన్ని ఒక్కో మెట్టు మీద పరీక్షించాడు. టాక్సీ దగ్గర ‘ఎందుకు వదిలాడు’ అని అడిగినవాళ్లు తక్కువ. క్లినిక్ దగ్గర కొందరు అడుగుతారు. సేయాన్ చనిపోయాక అందరూ అడుగుతారు. కాబట్టి సూహ్యున్ తెలివితక్కువవాడన్న ఫిర్యాదు నిజమే గానీ, ఆలస్యంగా వచ్చిన ఫిర్యాదు. మొదటి గంటలో అతని పక్కన నిలబడి చప్పట్లు కొట్టినది మనమే. పగ సినిమా చూసి మనసు పాడై బయటికి రావడాన్ని చాలామంది దాని వైఫల్యంగా చెబుతారు. పగకు నిజంగా అయ్యే ఖర్చును దాచకుండా చూపించిన సినిమా మనసు పాడు చేయక తప్పదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. తప్పు పగలో లేదు, జాప్యంలో ఉందని. మొదటిరోజే చంపి ఉంటే నర్సుకు ఆ నరకం తప్పేది, సేయాన్ బతికి ఉండేది కదా అని. లెక్క ప్రకారం నిజమే, కొట్టిపారేయలేం. కానీ సూహ్యున్ కోరుకున్నది క్యుంగ్‌చుల్ చావు కాదు. జూయాన్ పడ్డ బాధను ఎన్నో రెట్లు చేసి వాడికి తిరిగి చెల్లిస్తానని అతను మాట ఇచ్చాడు. బాధకు బాధ కావాలంటే శత్రువు బతికి ఉండాలి, తేరుకోవాలి, మళ్లీ భయపడగలగాలి. కాబట్టి ఆ జాప్యం పథకంలోని పొరపాటు కాదు, అతను కోరిన పగ స్వభావమే అది. ఇంకో సంగతి ప్రేక్షకులు తరచూ మరిచిపోతారు. క్యుంగ్‌చుల్ దగ్గరికి చేరేముందు సూహ్యున్ మరో ఇద్దరు అనుమానితులను పట్టుకుని ఘోరంగా హింసించాడు. వాళ్లు మంచివాళ్లేమీ కాదు గానీ, జూయాన్‌ను చంపినవాళ్లు మాత్రం కాదు. ‘దొరికిన వెంటనే చంపెయ్యాలి’ అన్న సూత్రాన్ని అతను పాటించి ఉంటే మొదట చచ్చేది చేయని హత్యకు బలైన మనిషి. జాబితాలో మూడో పేరు దాకా ఆగే ఓపిక ఏ పగకూ ఉంటుందన్న హామీ లేదు.

ఈ మాట తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం రెండు రాష్ట్రాలనూ కుదిపేసింది. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ కోపం నిజమైనది, ఆ కోపానికి కారణమూ నిజమైనదే. కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ విచారణ జరిపి, ఆ కాల్పులు ఉద్దేశపూర్వకంగా చంపడానికే జరిపారని తేల్చింది. నిందితుల్లో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. పది మంది పోలీసులను విచారించాలని సిఫార్సు చేసింది. 2022 మేలో నివేదిక బయటికొచ్చి, వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. అప్పటికి పూలు చల్లిన ఉత్సాహం ఎక్కడా లేదు. మిఠాయిలు పంచిన రోజున వయసు లెక్క ఎవరూ అడగలేదు. నేరం చేశారా, చేస్తే ఎవరు ఎంత చేశారు అని కోర్టు తేల్చే అవకాశం శాశ్వతంగా పోయింది. మొదటిసారే ఎందుకు చంపలేదని సినిమాలో హీరోను నిలదీసేటప్పుడు ఈ సంగతి కూడా మన ముందు ఉండాలి.

కొరియా ప్రేక్షకులకైతే ఈ సినిమా మరీ దగ్గరగా తగిలింది. ఆ దేశపు చట్టంలో మరణశిక్ష ఉంది, అమలు లేదు. 1997 డిసెంబరు 30న ఒక్కరోజే 23 మందిని ఉరితీశాక మళ్లీ ఎవరినీ తీయలేదు. 2004లో పట్టుబడిన ఒక వరస హంతకుడికి 20 హత్యల్లో మరణశిక్ష పడినా అది జైలు దగ్గరే ఆగిపోయింది. 2010 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం అయిదుగురు అవుననగా, నలుగురు కాదనగా మరణశిక్షను నిలబెట్టింది. అదే ఏడాది ఆగస్టులో ఈ సినిమా వచ్చింది. సెన్సారు సంస్థ రెండుసార్లు దాదాపు విడుదలే కుదరని సర్టిఫికెట్ ఇస్తే, కొన్ని దృశ్యాలు కత్తిరించాక గానీ థియేటర్లలోకి రాలేదు. దాదాపు వారం ముందు ‘ది మ్యాన్ ఫ్రమ్ నోవేర్’ విడుదలైంది. అందులోనూ హీరో ఏజెంటుగా పనిచేసినవాడే, అందులోనూ రక్తం పారుతుంది, అదీ పెద్దలకు మాత్రమే. కాకపోతే హీరో దుర్మార్గులందరినీ చంపి, చిన్నపిల్లను కాపాడతాడు. దాన్ని 60 లక్షల మందికి పైగా చూశారు. ‘ఐ సా ద డెవిల్’ను చూసింది 18 లక్షల మంది. మొదటిది ‘రాకీ హ్యాండ్సమ్’గా హిందీలోకీ వచ్చింది. టిక్కెట్లు తక్కువ తెగినంత మాత్రాన సినిమా గొప్పదైపోదు, ఎక్కువ తెగినంత మాత్రాన చెడ్డదీ కాదు. కానీ ఒకే నెలలో, ఒకే దేశంలో, దాదాపు ఒకే రకం కథలకు వచ్చిన ఈ తేడా ఒక విషయం చెబుతుంది. పగ చివర్లో ఎవరో ఒకరు క్షేమంగా మిగలాలని ప్రేక్షకుడు కోరుకుంటాడు. కిమ్ జీ వూన్ ఆ ఒక్కరినీ మిగల్చలేదు.

హింస గురించిన అభ్యంతరాన్ని మాత్రం అంత తేలిగ్గా తోసిపుచ్చలేను. ముఖ్యంగా ఆడవాళ్ల మీది హింస. క్యుంగ్‌చుల్ చేతికి చిక్కిన ప్రతి అమ్మాయి భయాన్నీ కెమెరా దగ్గరగా, తీరిగ్గా చూస్తుంది. క్రూరత్వం ఎంతటిదో తెలియాలంటే చూపించక తప్పదని సినిమాను సమర్థించేవాళ్లు అంటారు. ప్రారంభ సన్నివేశం వరకు ఆ మాట ఒప్పుకోవచ్చు. అది లేకపోతే సూహ్యున్ దుఃఖం మనకు అందదు. క్లినిక్ సన్నివేశానికి ఆ సమర్థన చాలదు. అక్కడ నర్సు పడే అవమానాన్ని అంతసేపు చూపించడం వల్ల మనకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఆ తర్వాత ఆమె ఏమైందో, ఇంటికి ఎలా వెళ్లిందో సినిమాకు పట్టలేదు. తన పగ ఎవరికి ఎంత నష్టం చేసిందో సూహ్యున్ పట్టించుకోలేదని చెప్పే సినిమా, తానూ ఆ ఒక్క విషయంలో సూహ్యున్‌లాగే ప్రవర్తించింది. ఈ కారణంతో సినిమా చూడలేకపోయామన్న స్త్రీలను సున్నిత మనస్కులని కొట్టిపారేసే అభిమానులు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. వాళ్లు ఎత్తిచూపింది నిజమైన లోపం.

ముగింపు గురించి కూడా అభిప్రాయాలు రెండుగా చీలాయి. పోలీసులకు లొంగిపోవడానికి వచ్చిన క్యుంగ్‌చుల్‌ను సూహ్యున్ వాళ్ల కళ్ల ముందే ఎత్తుకుపోతాడు. నాకు నొప్పీ తెలియదు, భయమూ తెలియదు, నువ్వు ఎప్పుడో ఓడిపోయావన్న ధోరణిలో వాడు మాట్లాడతాడు. వాణ్ణి కత్తి కింద కట్టి, తలుపు తెరిస్తే తల తెగేట్టు సూహ్యున్ ఏర్పాటు చేస్తాడు. ఆ తలుపు తెరిచేది క్యుంగ్‌చుల్ ముసలి తల్లిదండ్రులు, కొడుకు. దూరంగా రోడ్డు మీద నడుస్తూ, చెవిలో ఆ శబ్దం విని సూహ్యున్ కుప్పకూలినట్టు ఏడుస్తాడు. హంతకుడికి తగిన శాస్తి జరిగిందని సంబరపడినవాళ్లున్నారు. నాకు ఆ సంబరం అర్థం కాదు. ఆ పిల్లవాడు ఏం చేశాడు? సూహ్యున్ వేట ఏ దుఃఖంతో మొదలైందో, అలాంటి దుఃఖాన్నే అతను మరో ఇంటి తలుపు దగ్గర పెట్టి వచ్చాడు. క్యుంగ్‌చుల్ పాత్రకు చోయ్ మిన్ సిక్‌ను ఎంచుకోవడం కూడా ఇక్కడ పనిచేసింది. 2003లో ‘ఓల్డ్‌బాయ్’లో పదిహేనేళ్లు గదిలో బందీగా ఉండి పగ తీర్చుకోవడానికి బయటికొచ్చినవాడిగా కొరియా జనం గుండెల్లో నిలిచిన ముఖం అది. పగ తీర్చుకునేవాడి ముఖమే ఇక్కడ రాక్షసుడి ముఖం. సినిమా పేరులోని ‘నేను’ సూహ్యున్ అనుకుంటే, అతను చూసిన డెవిల్ ఎవరన్నది ఆ ఏడుపు తర్వాత అంత స్పష్టంగా ఉండదు.

కొరియన్ కథలు మన దగ్గరికి రావడం కొత్తేమీ కాదు. ‘మిస్ గ్రానీ’ 2019లో ‘ఓ బేబీ’ అయింది. ‘మిడ్‌నైట్ రన్నర్స్’ 2022లో ‘శాకిని డాకిని’ అయింది. రేపు ఎవరైనా ‘ఐ సా ద డెవిల్’ను తెలుగులో తీయాలనుకుంటే మొదట చేసే మార్పులు ఏమిటో ఊహించవచ్చు. సేయాన్ బతుకుతుంది, పిల్లవాడు తలుపు తెరవడు, హీరో చివర్లో తల ఎత్తుకుని నడుస్తాడు. ఆ మార్పులతో డబ్బులు కూడా బాగానే రావచ్చు. అయినా అలా తీయవద్దని మన దర్శకులకూ, నిర్మాతలకూ నా మనవి. క్లినిక్ సన్నివేశం కుదించండి, తప్పు లేదు. సేయాన్ మాట్లాడే సన్నివేశాన్ని మాత్రం మరో రెండు నిమిషాలు పెంచండి.