ఉస్మానియా వార్డుల్లో వీణ

ఓరుగల్లు సెంట్రల్ జైలు 1886 నాటిది. కవి దాశరథిని కొన్నాళ్లు బంధించిన జైలది. అక్కడి ఖైదీలు నేసిన జంపఖానాలకు ఊళ్లో గిరాకీ ఉండేది. 2021లో కొద్ది వారాల్లోనే దాన్ని నేలమట్టం చేసి, జూన్ 21న అదే స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. ఊళ్లోని ప్రభుత్వాస్పత్రి ఎంజీఎంలో పడక దొరకని రోగుల అవస్థ తెలిసినవాళ్లెవరూ ఆస్పత్రి వద్దనరు. ఒక్క గోడనైనా మిగల్చకపోవడమే మా బాధ. అదే ఊళ్లో కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబర్ 9న పునాదిరాయి పడితే, తలుపులు తెరుచుకున్నది 2024 నవంబర్ 19న. కూల్చడంలో ఉన్న చురుకు కట్టడంలో లేదు.

ఇప్పుడు హైదరాబాద్ వంతు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి పోయాక, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఉస్మానియా ఆస్పత్రి లేచింది. ఆ వరదలో సుమారు 150 మందిని కొమ్మల్లో దాచుకున్న చింతచెట్టు ఆ ఆవరణలోనే ఉంది. 2020 జులై వానలకు వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. రోగులను తరలించి పాత భవనానికి తాళం వేశారు. కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన అయింది.

మరి గుమ్మటాల కింద ఖాళీగా ఉన్న ఆ వార్డులను ఏం చేద్దాం? కచేరీలకు ఇద్దామంటాం. బార్సిలోనాలో శాంత్ పావ్ ఆస్పత్రిని 2009లో పక్కనే కట్టిన కొత్త భవనంలోకి మార్చి, పాత మండపాలను బాగుచేసి జనానికి తెరిచారు. అక్కడ ఇప్పుడు కచేరీలూ జరుగుతాయి. ఆ ఆస్పత్రిని గీసిన డొమెనెక్ ఇ మొంతానేరే ఆ ఊరి ప్రసిద్ధ సంగీత మందిరం పలావ్‌నూ గీశాడు. యునెస్కో 1997లో రెండింటినీ కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఉస్మానియా వార్డులు పొడుగాటివి, కప్పు ఎత్తు. వీణకూ సారంగికీ నప్పుతాయేమో గానీ, మన సభల్లో మైకుల కుర్రాడి చేతిలో పడితే మోత మోగిపోతుంది. (ఈ మధ్య కచేరీల్లో అసలు విద్వాంసుడు అతనే.) అందుకే ముందు మురుగుకాల్వలు, పైకప్పు, ఆ తర్వాత నాదపరీక్ష, చివరికే రంగులూ దీపాలూ.

గోషామహల్ ఆస్పత్రి పూర్తయ్యేదాకా ఆగితే పాత భవనం తాళంలోనే శిథిలమవుతుంది. దాని భవిష్యత్తు తేల్చే సంఘాన్ని ప్రభుత్వం ఇప్పుడే వేయాలి. అందులో ఇంజనీర్ల పక్కన ఒక గాయకుడికీ చోటివ్వాలి. పాఠకులు ఈ మాట తమ శాసనసభ్యులకు ఉత్తరం రాసి చెప్పాలని కోరుతున్నాం.