పాలారు నీరు, బాయిలరు పొగ

పాలారు విషయమున సుప్రీంకోర్టు వారు 2025 జనవరి 30వ తేదీన మరల తీర్పు చెప్పిరి. పరిహారము ముట్టని కుటుంబములకు ఆరు వారములలో ప్రభుత్వము చెల్లించి, ఆ సొమ్మును నీరు చెరచినవారి నుండి రాబట్టుకొనవలెనని అందు కలదు. దీనికి మూలమైన తీర్పు 1996 ఆగస్టు 28వ తేదీ నాటిది. కీడెంచి ముందుగనే జాగ్రత్తపడవలెనను సూత్రము దేశపు చట్టములో భాగమని ప్రకటించినది ఆ తీర్పే. మన ఉప్పు బావుల పుణ్యమా యని దేశమంతటికిని ఒక న్యాయసూత్రము లభించినది. బావులు మాత్రము తీపి కాలేదు.

నీటి సంగతి ఇట్లుండగా, దానితో ముడివడిన నిప్పు సంగతిని మనవారు తగినంతగా ఆలోచించుట లేదని మా అభిప్రాయము.

పచ్చితోలు కుళ్లకుండుటకై దాని తూకములో నూటికి 40 వంతుల దాక ఉప్పు పట్టింతురు. టానరీలో నానవేసినప్పుడు ఆ ఉప్పు నీటిలో కరగును. మురుగును సూక్ష్మజీవులు తినగలవు, ఉప్పును తినజాలవు. కావున ఉమ్మడి శుద్ధి కేంద్రములలో నీటిని పలుచని పొరల గుండ ఒత్తిడితో వడగట్టి, మంచినీటిని టానరీలకు మరల పంపి, మిగిలిన చిక్కని ఉప్పునీటిని ఆవిరి చేయుదురు. చుక్క నీరైనను ఏటికి పోరాదను నిబంధన నెరవేరు మార్గమిది. కాని ఒక లీటరు నీటిని కాచి ఆవిరి చేయుటకు 600 కిలోకాలరీల వేడి కావలెను. వేయి లీటర్లను ఒకే పాత్రలో ఇగిర్చినచో, వేడి ఏ మాత్రము వృథా కాకున్నను, 170 కిలోల ఎండుకట్టె చెల్లును. ఒక పాత్రలోని ఆవిరితో మరియొక పాత్రను కాచు యంత్రములు ఈ ఖర్చును ఎంతో తగ్గించును గాని తుడిచివేయజాలవు. వడపోత మోటార్లకు విద్యుత్తు వేరుగా కావలెను. దేశమున ఉత్పత్తియగు విద్యుత్తులో నూటికి 70 వంతుల ప్రాంతము నేటికిని బొగ్గుదే.

నరికిన తుమ్మ మరల మొలచును గనుక కట్టెపొగ వలన దోషము లేదని కొందరందురు. మొలచినచో నిజమే. మొలిపించుచున్నవారెవరు?

2021 నవంబరులో గ్లాస్గో సభయందు మన ప్రధానమంత్రి, 2070 నాటికి భారతదేశపు నికర ఉద్గారములు సున్న కాగలవని ప్రకటించిరి. ఆ నెలలోనే పాలారు పొంగినది. 19వ తేదీన పేర్ణాంబట్టులో వానకు ఇల్లు కూలి తొమ్మండుగురు మరణించిరి. ఒక్క వానకు ఒక్క కారణము చెప్పుట శాస్త్రసమ్మతము కాదు. అయినను గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో నూటికి 7 వంతుల నీటియావిరిని అధికముగా మోయగలదు. 2070 అనునది మన మనుమల కాలము. కూలిన గోడ మన కాలమునది.

టానరీలను మూసివేయుడని ఒక పక్షము. లోకమును పొగతో నింపిన సంపన్న దేశములే ముందు మారవలెనని మరియొక పక్షము. రెండవ వాదమున న్యాయము లేకపోలేదు. కాని న్యాయము పలికినంత మాత్రమున బావి నీరు మారదు, ఎండ తగ్గదు. మన కుటుంబములలో టానరీ జీతముపై బ్రదుకువారును కలరు, టానరీ నీటికి కొబ్బరిచెట్లు ఎండినవారును కలరు. ఒకే పందిట కూర్చుండు ఈ ఇరువురికిని చెప్పదగిన మాట కావలెను.

మా దృష్టిలో ఆ మాట ఉప్పుతో మొదలు కావలెను. ఇగిర్చు నీరు తగ్గిననే కట్టె తగ్గును. నీటిలోని ఉప్పు తగ్గిననే ఇగిర్చు నీరు తగ్గును. తోలును నానవేయుటకు ముందు చట్రముపై గాని డ్రమ్ములో గాని దులిపినచో, ఉప్పులో కొంత భాగము పొడిగానే రాలిపోవును. ఇది కొత్త విద్య కాదు, ఖరీదైనదియు కాదు; కూలి, ఓపిక కావలెను. మద్రాసు అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 1948 నుండి ఇట్టి విద్యలనే బోధించుచున్నది. దానికి 1958లో డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి ప్రాంతమువారు. ఆయన పేరు తలచి గర్వించు మనము, ఆ సంస్థ నేర్పిన పనిని మన వీధి టానరీలో చేయుచున్నారో లేదో అడుగవద్దా?

పిదప ఎండ. వేలూరు ఎండను తిట్టని నోరు లేదు. ఆ ఎండతోనే రంగుల డ్రమ్ములకు నీరు కాచుకొనవచ్చును. షెడ్ల కప్పులపై విద్యుత్తు తీయవచ్చును. ఇండ్లకైతే 2024లో ఆరంభమైన కేంద్ర పథకము మూడు కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల సాయమిచ్చుచున్నది. అయితే రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితముగా వాడుకొను చిన్న ఇంటికి దీనివలన ఒరుగునది స్వల్పమే.

ఐరోపా సమాజమువారు 2026 జనవరి నుండి ఇనుము, సిమెంటు, అల్యూమినియము మున్నగు దిగుమతులపై కర్బన సుంకము విధించుచున్నారు. ఆ పట్టికలో తోలు లేదు. ఆంబూరు బూట్లు ఏ రేవులకు పోవునో ఎరిగినవారు, ఆ పట్టిక ఎన్నటికిని మారదని నమ్మి కూర్చుండరాదు.

తాజా తీర్పు ఉన్నత న్యాయస్థానపు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఒక సమితిని ఏర్పరుపుమన్నది. ఆ సమితికి మన సంఘము పక్షమున ఒక విన్నపము పోవలెను: ప్రతి టానరీ ఆ నెలలో దులిపిన ఉప్పెంతయో, ప్రతి శుద్ధి కేంద్రము కాల్చిన కట్టెయెంతయో ద్వారమున పలకపై వ్రాయించవలెను, తమిళములో, ఉర్దూలో, తెలుగులో కూడ.