800 గంటల చదువులో మన తండాకు వచ్చేదెంత?

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ల వీధి దాటి ఊరి చివర ఎరుకలోళ్ల ఇండ్లకాడికి పోండి. లేదా జమ్మలమడుగు, పులివెందుల దిక్కు ఏదైనా సుగాలి తండాకు పోండి. 'పిల్లోడు బడికి పోతాండాడా?' అంటే 'పోతాండాడు' అనే చెప్తారు. అబద్ధం కాదు. కానీ బడికి పోయినోడికి ఎన్ని గంటల చదువు దొరుకుతాంది? ఈ ప్రశ్న మనమే సరిగ్గా అడగలేదు.

చట్టంలో లెక్క ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. 6 నుంచి 8 దాకా 220 దినాలు, 1000 గంటలు. ప్రాథమిక బడిలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని కూడా అదే చట్టం చెప్తుంది.

ఇప్పుడు ఒక్క సారే ఉన్న తండా బడిని తీసుకోండి. ఐదు తరగతులు, ఒక్క మనిషి. 800ను ఐదుతో భాగించండి, 160 గంటలు. రోజుకు 48 నిమిషాలు. అందులోనే మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫోటోలు, మండలంలో మీటింగులు. సారు సెలవు పెడితే ఆ పొద్దు సున్నా. ఇంట్లో గోర్ బోలి మాట్లాడే బిడ్డ ఒకటో తరగతిలో సారు మాట అర్థం చేసుకునే లోపలే సగం ఏడు అయిపోతాది. వానలు లేక పంట పోయిన ఏడు అమ్మానాయన పనికి బెంగళూరు పోతే, పిల్లోడూ వాళ్ల వెంటే. రిజిస్టర్లో పేరు మాత్రం బడిలోనే ఉంటాది.

2022 జూన్‌లో జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలపమన్నారు. 2025లో దాన్ని తీసేసి తొమ్మిది రకాల బడులు అన్నారు. బడుల పేర్లు మారినంత తొందరగా తండాకు రెండో టీచరు రాలేదు.

డబ్బు లేదా అంటే, దానికీ చట్టముంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం. జనాభా నిష్పత్తిలో నిధులు పక్కన పెట్టాల, అవి నేరుగా, లెక్క తేలే విధంగా మనకు అందాల. పదేండ్ల గడువు ముగిసే ముందు 2023 జనవరిలో ఇంకో పదేండ్లు పొడిగించారు. అయితే 2020లో మొదలైన అమ్మ ఒడి సొమ్ములో ఎస్టీ తల్లులకు పోయిన వాటాను ఈ పద్దు కిందనే రాశారు. ఆ డబ్బు మన తల్లులకు అక్కరకొచ్చింది, కాదనను. నేను అడిగేది వేరే. అందరి పిల్లల తల్లులకూ ఇచ్చే డబ్బును మన వాటాలోంచి మనకిస్తే, మనకు అదనంగా వచ్చిందేంది? వెనకబాటు తగ్గించడానికే కదా ఆ చట్టం చేసింది?

కడపలో మనకు ఇంకో చిక్కు ఉంది. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పాడేరు, సీతంపేటల్లో ఉన్నట్టు ఇక్కడ ఐటీడీఏ ఆఫీసు లేదు, పోయి కూర్చుని అడగడానికి. మనోళ్లు ఊరికి నాలుగిండ్లు, మండలానికి రెండు తండాలుగా చెదిరిపోయినారు. ఓట్లకాడ కూడా లెక్కకు రాము. కానీ సబ్‌ప్లాన్ చట్టం ఏజెన్సీకి మాత్రమే అని ఎక్కడా లేదు.

అందుకే అడగాల్సింది చిన్నగా, సూటిగా అడగాల. ఒక్క సారే ఉన్న ప్రతి తండా బడికీ సబ్‌ప్లాన్ నిధులతో రెండో టీచరు, వీలైతే మన భాష వచ్చినోళ్లు. వలస పోయే నెలల్లో పిల్లలు ఇక్కడే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టల్. జిల్లాలో ఈ పద్దు కింద దేనికెంత ఖర్చు పెట్టినారో బడి గోడమీద రాయడం.

స్కూల్ యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాల, సగం మంది ఆడవాళ్లు ఉండాల. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే హక్కు ఆ కమిటీదే. మన అమ్మలు సంతకం పెట్టి వచ్చేస్తున్నారు, కాగితంలో ఏముందో వాళ్లకు చదివి చెప్పినోళ్లు లేరు. డిగ్రీ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈసారి మీటింగుకు వాళ్లతో పాటు పోండి. ఆ 48 నిమిషాల లెక్క మినిట్స్ పుస్తకంలో రాయించండి. కాపీ ఒకటి కలెక్టరాఫీసులో ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.