టెస్టర్ వెలగనంత మాత్రాన

ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తిచేసి, అప్రెంటిస్‌షిప్ ముగించుకుని పనిలోకి దిగే కుర్రాళ్లకు ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు: మంచి మేస్త్రీని పట్టుకో, చెయ్యి తిరగనివ్వు, పని దానంతటదే వస్తుంది. మాట నిజమే గానీ, అందులో సగం సంగతే ఉంది. మన దగ్గర చెయ్యి తిరగడమంటే గాడి కొట్టడం, పైపు వేయడం, వైరు లాగడం, బోర్డు బిగించడం. అన్నీ కంటికి కనిపించే పనులు. వేసిన వైరింగు మనిషి ప్రాణానికి భరోసా ఇస్తుందా లేదా అని కొలిచి చూడటం చాలామంది మేస్త్రీల దగ్గర దొరికే చదువు కాదు. కొత్తవాళ్లు మొదటి రోజు నుంచీ పట్టుకోవాల్సింది దాన్నే. దేశంలో కరెంటు షాక్‌తో ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చూపిస్తున్నాయి. వాటిలో పొలాల దగ్గరా, లైన్ల మీదా జరిగేవి చాలా ఉంటాయి. వాటికి ఇంటి వైరింగు చేసేవాడు జవాబుదారీ కాడు. గీజరు పట్టుకుని, కూలరు ముట్టుకుని పోయే ప్రాణాలకు మాత్రం ఎవరో ఒకరి చేతిపని కారణమై ఉంటుంది.

జేబులో ఉండే నియాన్ టెస్టర్ సంగతే చూద్దాం. అది వెలగకపోతే కరెంటు లేదని చెయ్యి పెట్టేస్తారు. కానీ ఎండలో దాని వెలుగు ఆనదు. చెక్క స్టూలు మీద, రబ్బరు చెప్పులతో నిలబడితే మిణుకుమిణుకుమంటుంది. ఒక్కోసారి లోపలి బల్బే పోయి ఉంటుంది. ఇక న్యూట్రల్ తెగిన ఇంట్లో రెండు రంధ్రాల్లోనూ వెలిగి కంగారు పెడుతుంది. మల్టీమీటరునూ కళ్లు మూసుకుని నమ్మలేం. పక్కనే చాలా దూరం ఫేజు వైరు సాగితే, ఎక్కడా కలపని తీగలో కూడా అరవై, ఎనభై వోల్టులు చూపిస్తుంది. అలాంటప్పుడు టెస్ట్ ల్యాంపు పెడితే సంగతి తేలిపోతుంది. ఏ పరికరమైనా ముందు కరెంటు ఉన్నచోట పెట్టి, తరువాత పని చేయబోయే వైరు మీద, మళ్లీ మొదటిచోట పెట్టి చూసుకోవాలి. దీనికి అర నిమిషం చాలు. మెయిన్ ఆపాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించినా సగం పాయింట్లు బతికే ఉంటాయి. మేడ మీద సోలార్ ఉంటే, పగటిపూట ప్యానెళ్ల నుంచి వచ్చే వైర్లలో వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది.

ఎర్తింగు దగ్గర ఈ ఊహాగానం మరింత ప్రమాదం. మనవాళ్లు చేసే పరీక్ష ఏమిటంటే, ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టడం. వెలిగితే ఎర్తింగు బాగున్నట్టే లెక్క. లెక్క వేసి చూస్తే ఈ నమ్మకం నిలవదు. వెలుగుతున్న ఆ బల్బు నిరోధం సుమారు 530 ఓములు. ఎర్తు నిరోధం 50 ఓములు ఉన్నా బల్బు చక్కగానే వెలుగుతుంది, తేడా కంటికి తెలియదు. అదే ఇంట్లో గీజరు లోపల ఫేజు బాడీకి తగిలిందనుకోండి. 230 వోల్టులను 50 ఓములతో భాగిస్తే పారేది 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కే కాదు, కిందికి పడదు. గీజరు బాడీ మీద దాదాపు పూర్తి వోల్టేజి నిలబడి ఉంటుంది, స్నానానికి వెళ్లిన మనిషి దాన్ని ముట్టుకునే దాకా. రాతి నేలలున్న చోట, వేసవిలో గుంత ఎండిపోయాక నిరోధం ఇంకా పెరుగుతుంది. బల్బు ఈ అంకెను చెప్పదు, ఎర్త్ టెస్టరు పెట్టి కొలవాల్సిందే.

అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. పైన చెప్పిన గీజరు లాంటి లోపం వస్తే అది క్షణంలో కరెంటు కట్ చేస్తుంది. విచిత్రమేమిటంటే, ఇంటివాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎక్కువగా అడిగేది దాన్నే తీసేయమని: ‘మాటిమాటికీ పడిపోతోంది బాబూ, డైరెక్ట్ చేసెయ్.’ ఆ మాట విని రెండు ముక్కల వైరుతో దాటించేసేవాడు ఆ ఇంటికి చేసేది సాయం కాదు. పడిపోవడానికి కారణం ఉంటుంది. వానకు తడిసిన బయటి పాయింటో, లీకవుతున్న హీటరో, ఒక సర్క్యూటు న్యూట్రల్‌ను పక్క సర్క్యూటుకు వాడుకోవడమో అయి ఉంటుంది. ఎంసీబీలన్నీ దించి ఒక్కోటీ ఎత్తుతూ పోతే తప్పు దొరుకుతుందని అనుకుంటారు గానీ, మామూలు ఎంసీబీ ఫేజునే తెంపుతుంది. న్యూట్రల్ ఎర్తుకు తగిలిన చోట ఆ పద్ధతి పారదు. మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకు నుంచి ఒక్కో తీగా విప్పి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టాలి. 500 వోల్టుల పరీక్షలో ఇన్సులేషన్ కనీసం ఒక మెగా ఓము చూపాలి. చూపని తీగే దొంగ.

దీనికంతా డబ్బులెవరిస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. మన పని పాయింటు లెక్కన నడుస్తుంది. పరీక్ష పాయింటు కాదు కాబట్టి దానికి రేటు లేదు, రేటు లేదు కాబట్టి ఎవరూ చేయరు. అలాగని ఊరికే చేయమనడం అన్యాయం. కొటేషన్‌లోనే ‘టెస్టింగ్’ అని వేరే వరుస రాయాలి. కొందరు బేరమాడతారు, కొందరు కొట్టేస్తారు, ఒకరిద్దరు పనులు కూడా పోతాయి. చేతిలో ఉండే స్మార్ట్‌ఫోన్ ఖరీదులో క్లాంప్ మీటరూ, మామూలు మెగ్గరూ వస్తాయి. ఎర్త్ టెస్టరు నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. ఇక మీటర్లేవీ లేకుండానే ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చామనే మేస్త్రీల మాట. వాళ్ల అనుభవాన్ని తీసిపారేయలేం, గోడలో పైపు ఎటు పోతుందో వాళ్లు చెప్పినట్టు ఏ యంత్రమూ చెప్పలేదు. కానీ వాళ్లు పని నేర్చుకున్న నాటి ఇంట్లో నాలుగు లైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ. ఈనాటి ఇంట్లో రెండు ఏసీలు, గీజర్లు, ఇన్వర్టరు, కొన్నిచోట్ల కింద చార్జింగుకు పెట్టిన బండి. 16 ఆంపియర్ల ఎంసీబీ పడుతోందని 32 వేసి ఊరుకుంటే, గోడలోని 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కాలడం మొదలుపెడుతుంది.

తప్పంతా కుర్రాళ్ల మీద వేయడం కూడా సరికాదు. లైసెన్సున్న కాంట్రాక్టరు చేతే, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతే పని చేయించాలన్న నిబంధన ఉన్నా, ఇల్లు కట్టేవాళ్లలో అడిగేవాళ్లు తక్కువ. అడగని చోట కూడా కొత్తవాడు చేయగలిగిన పని ఒకటుంది. పని అయ్యాక ఎర్తు ఎన్ని ఓములు, ఇన్సులేషన్ ఎంత, ఆర్‌సీసీబీ పడిందా లేదా అన్నది తేదీ వేసి, సంతకం పెట్టి ఇంటివాళ్లకివ్వాలి. రేపు మరొకడు వచ్చి గెలికి ప్రమాదం జరిగితే, తన పని ఎంతవరకో చూపించడానికి ఆ కాగితమే సాక్ష్యం. ఇచ్చేటప్పుడు ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ కూడా చూపించి, అప్పుడప్పుడూ నొక్కుతూ ఉండమనాలి. ఆ బటన్‌తో తెలిసేది పరికరం పనిచేస్తోందని మాత్రమేననీ, ఎర్తింగు ఉందో లేదో దానికి పట్టదనీ అప్పుడే చెప్పేయాలి.