నిమ్మకాయలు సరే, బ్రేకులు చూశారా?

కొత్త కారు కొంటే మనం ముందుగా వెళ్లేది గుడికే. ఫ్రిస్కో హనుమాన్ గుడి దగ్గర వాహన పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి నేనూ ఇంటికొచ్చాను. తప్పేం లేదు. కానీ ఆ చక్రం వెనకున్న బ్రేకు ప్యాడ్‌ను పదిహేనేళ్లలో ఒక్కసారీ చూడలేదు. మిత్రులను అడిగితే వాళ్లదీ అదే కథ.

ఇప్పుడెందుకీ మాటంటే, టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. దాని పేరిట 7.50 డాలర్లు మాత్రం రిజిస్ట్రేషన్‌తో కలిపి తీసుకుంటున్నారు! మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది గానీ అందులో బ్రేకుల ఊసే లేదు. న్యూజెర్సీలో 2010లోనే ఇలా ఆపేశారు. పాత పరీక్షలోనూ చక్రాలు విప్పి చూసిందేమీ లేదు. అయినా ఏడాదికోసారి ఎవరో ఒకరు బ్రేకు తొక్కి చూసేవారు. ఇప్పుడు ఆ ఒక్కరూ లేరు.

మా అబ్బాయికి పదహారు నిండాయి. వాడికిద్దామనుకున్న పాత క్యామ్రీ బ్రేకు నొక్కినప్పుడల్లా కీచుమంటోంది. ముందు చక్రాల ప్యాడ్లు, రోటర్లు మార్చడానికి 640 డాలర్లు అవుతుందని ఒక షాపులో చెప్పారు. రోటర్ మందం ఎంతుందని అడిగితే "అరిగిపోయిందండీ" అన్నారే తప్ప అంకె చెప్పలేదు. ఆ అంకె కోసమే చక్రం విప్పాను. డబ్బు సంగతి తర్వాత.

రోటరంటే చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్లెం. ప్యాడ్లు దాన్ని రెండు వైపులా పట్టి ఆపుతాయి. కొత్త ప్యాడ్ మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు, 3కి దిగితే మార్చాల్సిందే. మావి లోపలివైపు 2. ఆ కీచుమన్నది ప్యాడ్‌కు బిగించిన చిన్న రేకు. అరిగిందని చెప్పడానికే దాన్ని పెడతారు. రోటర్ ఎంతవరకు అరగొచ్చో దానిమీదే అచ్చువేసి ఉంటుంది. కొలవడానికి వెర్నియర్ పనికిరాదు, అంచున అరగని గట్టు అడ్డొస్తుంది. స్క్రూగేజీ కావాలి. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో రీడింగులు పక్కవాడి రికార్డులోంచి ఎక్కించుకున్న నాకు ఇన్నాళ్లకు దాని అవసరం తెలిసింది. కొలిస్తే హద్దు దాటే ఉంది. షాపువాళ్లు చెప్పింది నిజమే. ఆ నిజం నేను చూసి తెలుసుకున్నాను, అంతే తేడా.

సామాన్లకు 170 డాలర్లయ్యాయి. ప్రత్యేక పనిముట్లు విడిభాగాల దుకాణాలే డిపాజిట్ తీసుకుని ఇస్తాయి, తిరిగిచ్చేస్తే డబ్బు వాపసు. నేనూ మావాడూ కలిసి నాలుగున్నర గంటలు కూర్చున్నాం. ఒక్కమాట మాత్రం గట్టిగా చెబుతాను. జాకీ కారును ఎత్తడానికే, మోయడానికి కాదు. కింద స్టాండ్లు పెట్టకుండా చెయ్యి పెట్టకండి. ఆ స్టాండ్లలోనూ కొన్ని 2020లో లోపాలతో రీకాల్ అయ్యాయి, పాతవైతే నంబరు సరిచూసుకోండి. బ్రేకు దుమ్మును ఊదకండి. విప్పిన కాలిపర్‌ను గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టండి.

అన్నీ బిగించాక మావాడు సీట్లో కూర్చుని బ్రేకు నొక్కాడు. పెడల్ నేలదాకా పోయింది! వాడి మొహం పాలిపోయింది. కాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నెట్టాం కదా, అది మళ్లీ ప్యాడ్‌ను తాకేదాకా అంతే. నాలుగైదుసార్లు నొక్కితే గట్టిపడింది. ఇది మరిచి కారు కదిలిస్తే మాత్రం గ్యారేజీ గోడే దిక్కు. చివర్లో చక్రాల నట్లు టార్క్ రెంచితో 76 ఫుట్ పౌండ్లకు వాడే బిగించాడు.

"ఇంజినీరువి, ఈ మసి పనులు నీకెందుకురా?" అని అమ్మ ఫోన్లో మందలించింది. స్కూటర్ ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దుకున్న నాన్నను ఆవిడ ఎప్పుడూ అలా అనలేదు. ఆటోనగర్ వాళ్ల పని ఆటోనగర్ వాళ్లదే అనుకోవడం మనకు మధ్యలో వచ్చిన జబ్బే.

అందరూ చేయలేరు, ఒప్పుకుంటాను. చాలా అపార్ట్‌మెంట్ల లీజులు పార్కింగులో రిపేర్లు ఒప్పుకోవు. వెనక చక్రాలకు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే తెలియనివాళ్లు ముట్టుకోకపోవడమే మేలు. సొంతంగా మార్చుకుంటే వారంటీ పోతుందనే భయం మాత్రం అక్కర్లేదు. ఆ ఒక్క కారణంతో రద్దు చేయకుండా 1975 నాటి ఫెడరల్ చట్టం అడ్డుపడుతుంది. రసీదులు దాచుకోండి. షాపుకే వెళ్తే కనీసం "ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది, చూపించండి" అని అడగండి.

మొన్న మావాడి స్నేహితుడి తండ్రి ఫోన్ చేశారు. "మీవాడు ఫోన్ లైటు వేసి మా కారు చక్రాల్లోకి తొంగిచూసి, ప్యాడ్లు మూడు మిల్లీమీటర్లే ఉన్నాయంటున్నాడండీ, నిజమేనంటారా?"

శనివారం పొద్దున్నే రమ్మన్నాను.